కడుపు లోతుల్లో నెత్తురు దారులు: కోలార్ గనుల సీమ నేపథ్యంలో ఒక పరిశీలన

కర్ణాటకకు తూర్పు అంచున, చిత్తూరు సీమను ఆనుకొని, కన్నడంతో పాటు తెలుగు కూడా ఇంటింటా వినిపించే కోలార్ జిల్లా పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేవి బంగారు గనులు. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో ఇక్కడ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు, మారికుప్పం, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్, నందిదుర్గం గనుల్లో తరతరాల కార్మికులు నేల కడుపులోకి దిగి పనిచేశారు. వాళ్లు మోసుకువచ్చిన ఖనిజం గురించి, తవ్విన లోతుల గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి గానీ, ఆ శ్రమ వాళ్ల శరీరాల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల నుంచి కడుపులోని పెద్ద సిరల దాకా, ఏ దారిన పాకి ఏ జబ్బుగా బయటపడిందో సామాన్య పాఠకుడికి విడమరచి చెప్పిన రచనలు తక్కువ. అది అర్థం కావాలంటే ఉదరంలోనూ, దాని అడుగున తొడల మొదళ్ల మధ్య ఉండే శ్రోణి కుహరంలోనూ నెత్తురు నడిచే ప్రధాన మార్గాలేమిటో, వాటి అమరిక అలా ఎందుకు ఉందో తెలియాలి. గని కార్మికుడి వాచిన కాళ్లకే కాక, బాలింతను పీడించే రక్తస్రావానికీ, తాగుడుకు బానిసైనవాడి నెత్తుటి వాంతికీ, హైవే ప్రమాదంలో పైకి గాయం కనబడకుండానే ప్రాణం పోవడానికీ కారణాలు ఆ అమరికలోనే ఉన్నాయి.

ఈ అమరిక సారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గుండె నుంచి నెత్తురు ఉదరంలోకి దిగే దారి ఒక్కటే అయినా, అది గుండెకు తిరిగి చేరే దారులు రెండు. వాటిలో ఒకటి నేరుగా గుండెకు పోగా, రెండవది కాలేయం గుండా చుట్టి వెళ్తుంది. ఉదరానికి సంబంధించిన పెద్ద జబ్బుల్లో చాలావాటిని ఈ తేడాతోనే వివరించవచ్చు.

దిగే దారి: ఉదర బృహద్ధమని

గుండె ఎడమ జఠరిక నుంచి బయలుదేరి శరీరమంతటికీ మంచి నెత్తురు పంచే అతిపెద్ద నాళాన్ని బృహద్ధమని అంటారు. ఇది గుండెకు పైన వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకొని ఛాతీలో కిందికి దిగి, ఛాతీని కడుపునుంచి వేరుచేసే కండర పొర అయిన విభాజక పటలం వెనుక భాగాన, పన్నెండవ ఛాతీ వెన్నుపూస ఎదుట ఉదరంలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి దానిని ఉదర బృహద్ధమని అని పిలుస్తారు. పెద్దవారిలో సుమారు రెండు సెంటీమీటర్ల వ్యాసంతో, నడుము వెన్నుపూసల ముందు భాగాన్ని అంటిపెట్టుకొని, మధ్యరేఖకు కాస్త ఎడమగా దిగి, నాలుగవ నడుము వెన్నుపూస దగ్గర, అంటే బయటినుంచి చూస్తే బొడ్డుకు కొంచెం కిందుగా, అది రెండు పాయలుగా చీలుతుంది. పేగులూ, జీర్ణాశయమూ, వాటిని కప్పే పలుచని పొరలూ అన్నీ దీనికి ముందు వైపునే ఉంటాయి. ముందు నుంచి తగిలే చిన్నపాటి దెబ్బలు దీనిదాకా చేరకపోవడానికీ, దీనిలో మెల్లగా పెరిగే జబ్బు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడానికీ ఈ లోతే కారణం.

కోలార్ గనులను ఎరిగినవారికి ఉదర బృహద్ధమని నిర్మాణం తేలికగానే పట్టుబడుతుంది. ఛాంపియన్ రీఫ్ గనిలో నిట్టనిలువుగా దిగిన షాఫ్టు నుంచి ఒక్కో లోతులో ఒక్కో లెవెల్ అడ్డంగా విడివడి, సుమారు 3,200 మీటర్ల దాకా పని ఎలా సాగిందో, ఈ ధమని నుంచి కూడా ఒక్కో వెన్నుపూస ఎత్తులో ఒక్కో శాఖ విడిపోయి తనకు నిర్ణయమైన అవయవానికే పోతుంది. ఏ శాఖ ఏ వెన్నుపూస దగ్గర పుడుతుందో తెలిసిన వైద్యుడు స్కానింగ్ చిత్రంలో ఆ ఎత్తును చూసి ఏ అవయవానికి ముప్పు ఉందో చెప్పగలడు.

ముందువైపు మూడు శాఖలు

బృహద్ధమని ముందు భాగం నుంచి జతలేని శాఖలు మూడు పుడతాయి. ఈ మూడే అన్నకోశపు కింది కొన నుంచి పురీషనాళం దాకా ఉన్న జీర్ణమార్గమంతటినీ పోషిస్తాయి. మొదటిది సీలియాక్ ధమని. విభాజక పటలం దాటిన వెంటనే పుట్టే ఈ పొట్టి నాళం మూడుగా చీలి, ఒక శాఖ జీర్ణాశయానికి, ఒకటి ప్లీహానికి, మరొకటి కాలేయానికి వెళ్తాయి. ప్లీహానికి పోయే శాఖ క్లోమం పైఅంచు వెంబడి మెలికలు తిరుగుతూ సాగుతుంది. జీర్ణాశయానికి వెనుకగా ఉండటంవల్ల, జీర్ణాశయం వెనుక గోడకు పుండు పడి లోతుకు తొలిచినప్పుడు ఈ ధమని కోతకు గురై తీవ్రంగా నెత్తురు కారే ప్రమాదం ఉంటుంది.

రెండవది ఎగువ మెసెంటెరిక్ ధమని. పేగులను వెన్నెముక వైపు గోడకు కట్టి ఉంచే విసనకర్ర ఆకారపు పొరను మెసెంటరీ అంటారు, తెలుగు పాఠ్యగ్రంథాలు దీనినే ఆంత్రయోజని అంటాయి. మొదటి నడుము వెన్నుపూస ఎత్తులో పుట్టే ఈ ధమని ఆ పొరలోనే దిగి, చిన్నపేగు దాదాపు మొత్తానికి, పెద్దపేగు మొదటి సగానికి మించిన భాగానికి నెత్తురు అందిస్తుంది. గుండె లయ తప్పినవారిలో గుండె గదుల్లో గడ్డకట్టిన నెత్తురు ముద్ద తెగి ఈ ధమనిలో చిక్కుకుంటే, కొన్ని గంటల్లోనే చిన్నపేగు చచ్చుబడుతుంది. తొలి గంటల్లో కడుపు మెత్తగానే ఉన్నా రోగి మాత్రం భరించలేని నొప్పితో విలవిలలాడటం దీని లక్షణం. వైద్యుడి చేతి పరీక్షలో తెలిసేదానికీ, రోగి చెప్పే బాధకూ పొంతన కుదరనప్పుడు గ్యాస్ నొప్పి అని సర్దిచెప్పకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని వైద్యవిద్యార్థులకు నేర్పేది ఇందుకే.

మూడవది దిగువ మెసెంటెరిక్ ధమని. మూడవ నడుము వెన్నుపూస దగ్గర పుట్టి పెద్దపేగు చివరి భాగానికీ, పురీషనాళపు పైభాగానికీ పోయే ఈ శాఖ మూడింటిలోనూ సన్ననిది. పెద్దపేగు అంచు వెంట సాగే ఒక సన్నని ధమని ఎగువ, దిగువ మెసెంటెరిక్ శాఖలను కలుపుతూ, ఒకటి మూసుకుపోయినా రెండవదాని నుంచి నెత్తురు అందేలా చూస్తుంది. అయితే ప్లీహం దగ్గర పెద్దపేగు వంపు తిరిగే చోట ఈ కలయిక బలహీనంగా ఉంటుంది. అందుచేత రక్తపోటు బాగా పడిపోయినప్పుడు పెద్దపేగులో మొదట దెబ్బతినేచోటు చాలాసార్లు అదే అవుతుంది.

పక్కలకు పోయే జంటశాఖలు

బృహద్ధమని ఇరుపక్కల నుంచి పుట్టే శాఖల్లో అతిముఖ్యమైనవి మూత్రపిండాలకు పోయే వృక్కధమనులు. రెండు మూత్రపిండాలూ కలిపి కొన్ని వందల గ్రాముల బరువు మాత్రమే తూగినా, విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి పంపే సుమారు 5 లీటర్ల నెత్తురులో ఐదోవంతుకు తక్కువ కాకుండా వాటికే పోతుంది. వడపోత ఎడతెగకుండా సాగాలంటే అంత ప్రవాహం కావలసిందే. ఈ ధమని ఇరుకైతే మూత్రపిండం తనకు నెత్తురు చాలడం లేదని గ్రహించి, శరీరమంతటా రక్తపోటును పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. జపాన్ కంటివైద్యుడు మికితో తకయాసు 1908లో వివరించిన తకయాసు జబ్బు ఆసియా దేశాల్లో ఎక్కువగా యువతుల్లో కనిపిస్తుంది. బృహద్ధమని గోడ వాచి శాఖల మొదళ్లు మూసుకుపోయే ఈ జబ్బు భారతీయ రోగుల్లో ఉదర భాగానికి, వృక్కధమనులకు తరచుగా సోకుతుంది. ఇరవై ముప్పై ఏళ్ల స్త్రీకి రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టు తేలినప్పుడు మాత్రలు రాయడంతో సరిపెట్టకుండా ఈ నాళాలను కూడా పరీక్షించడం అవసరం.

ఉదరంలో కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబాల్లాగా ఉండవు. బృహద్ధమని మధ్యరేఖకు ఎడమగానూ, నెత్తురును పైకి తెచ్చే పెద్ద సిర కుడిగానూ ఉండటంవల్ల, కుడి వృక్కధమని ఆ సిర వెనుకగా ఎక్కువ దూరం పోవలసి వస్తుంది. ఎడమ వృక్కసిర బృహద్ధమనికి ముందుగా, ఎగువ మెసెంటెరిక్ ధమనికి వెనుకగా, ఆ రెంటి మధ్య సందులో నుంచి దాటుతుంది. ఎడమ వృషణం నుంచి వచ్చే సిర నేరుగా పెద్ద సిరలో కలవక ఈ ఎడమ వృక్కసిరలో లంబకోణంలో కలుస్తుంది. వృషణాల చుట్టూ సిరలు ఉబ్బే వేరికోసిల్ ఎడమవైపే ఎక్కువగా రావడానికి ఇదొక ప్రధాన కారణం. జీవించి ఉన్న దాత నుంచి మూత్రపిండం తీసుకునేటప్పుడు వైద్యులు సాధారణంగా ఎడమదానిని ఎంచుకోవడానికి కూడా ఎడమ వృక్కసిర పొడవుగా ఉండటమే కారణం. కుట్టు వేయడానికి నాళం నిడివి ఎంత ఎక్కువగా ఉంటే అంత సౌకర్యం.

తిరుగుదారుల్లో మొదటిది: అధోమహాసిర

కాళ్ల నుంచి, శ్రోణి నుంచి, మూత్రపిండాల నుంచి వచ్చే చెడు నెత్తురునంతా గుండెకు చేర్చే నాళం అధోమహాసిర. ఇది ఐదవ నడుము వెన్నుపూస దగ్గర రెండు ఉమ్మడి ఇలియాక్ సిరల కలయికతో పుట్టి, బృహద్ధమనికి కుడిపక్కగా ఎక్కి, కాలేయం వెనుక గాడిలో ఇమిడి, అక్కడ కాలేయ సిరలను తనలో కలుపుకొని, ఎనిమిదవ ఛాతీ వెన్నుపూస ఎత్తులో విభాజక పటలాన్ని దాటి గుండె కుడి కర్ణికలో ప్రవేశిస్తుంది. ధమని గోడలాగా దీని గోడ దళసరిగా ఉండదు; లోపల పీడనమూ తక్కువే. పైగా కాళ్ల సిరల్లో నెత్తురు వెనక్కి జారకుండా అడ్డుకునే కవాటాలు ఈ సిర పొడవునా లేవు. కాబట్టి గుండె కుడిభాగంలో పీడనం పెరిగితే అది ఏ అడ్డూ లేకుండా కాలేయానికీ, మూత్రపిండాలకూ, కాళ్లకూ చేరుతుంది.

బంగారు గనుల కార్మికుల చరిత్ర ఈ శరీర నిర్మాణంతో ముడిపడేది ఇక్కడే. బంగారం ఉన్న తెల్లరాయిలో సిలికా మెండుగా ఉంటుంది. దాన్ని తొలిచినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల చివరి గదుల్లో చేరి, అక్కడి కణజాలాన్ని గట్టిపరచి మచ్చలుగా మారుస్తుంది. ఈ జబ్బునే సిలికోసిస్ అంటారు. భారతదేశంలో ఇది తొలిసారి నమోదైన చోటుగా వైద్య పాఠ్యగ్రంథాలు కోలార్ బంగారు గనులనే పేర్కొంటాయి. ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు మచ్చల మధ్య నలిగి మూసుకుపోతున్నకొద్దీ, నెత్తురును వాటిగుండా నెట్టడానికి గుండె కుడిభాగం మరింత కష్టపడి, మొదట దళసరెక్కి, ఆపైన అలసి సాగిపోతుంది. అప్పుడు అధోమహాసిరలో నెత్తురు వెనకపట్టు పడుతుంది, కాలేయం ఉబ్బి కుడి పక్కటెముకల కింద బరువుగా నొప్పిగా ఉంటుంది, పాదాలు వాస్తాయి, ముదిరినవారికి కడుపులో నీరు చేరుతుంది. కడుపు, కాళ్లు వాచి వచ్చిన మాజీ గని కార్మికుడి జబ్బు మూలం ఊపిరితిత్తుల్లో ఉండవచ్చునని గుర్తించాలంటే ఈ దారి వైద్యుడి మనసులో మెదలాలి. దుమ్ము పీల్చడం ఆగిపోయిన తరువాత కూడా సిలికోసిస్ ఏళ్ల తరబడి ముదరగలదు. అందువల్ల గనులు మూతపడి రెండు దశాబ్దాలు దాటినా, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట లైన్లలో నివసించే వృద్ధ కార్మికుల విషయంలో ఈ అనుమానం విడిచిపెట్టదగ్గది కాదు.

గర్భిణులకు సంబంధించిన ఒక జాగ్రత్త కూడా ఈ సిర మెత్తదనం నుంచే పుట్టింది. అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భాశయం వెన్నెముక మీదికి ఒరిగి అధోమహాసిరను అదుముతుంది; గుండెకు తిరిగివచ్చే నెత్తురు తగ్గి, తల తిరగడం, చెమటలు పట్టడం, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి; బిడ్డకు అందే నెత్తురూ తగ్గుతుంది. సిర మధ్యరేఖకు కుడివైపున ఉంది కనుక ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకుంటే ఆ బరువు తొలగుతుంది. ఆశా కార్యకర్తలు, నర్సులు ఎడమవైపుకు తిరిగి పడుకోమని చెప్పే మాటకు ఆధారం ఇదే.

రెండవది: కాలేయం చుట్టూ పోయే దారి

జీర్ణాశయం, పేగులు, క్లోమం, ప్లీహం నుంచి వచ్చే నెత్తురు నేరుగా అధోమహాసిరలో కలవదు. పేగుల నుంచి వచ్చే ఎగువ మెసెంటెరిక్ సిర, ప్లీహం నుంచి వచ్చే సిర క్లోమం మెడ వెనుక కలిసి, సుమారు 8 సెంటీమీటర్ల పొడవున్న కాలేయ నిర్వాహక సిరగా ఏర్పడతాయి. ఈ సిరలో ఉన్నది ఆక్సిజన్ తక్కువగా ఉన్న నెత్తురే అయినా, అందులో అప్పుడే జీర్ణమైన ఆహారసారమంతా ఉంటుంది. దానితో పాటు మింగిన మందులు, మద్యం, పేగుల్లోని సూక్ష్మజీవుల విషాలు కూడా ఉంటాయి. శరీరమంతటికీ పంచడానికి ముందు దీనిని కాలేయం శుద్ధిచేసి సరిచూడాలి. కాలేయానికి అందే మొత్తం నెత్తురులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ సిర ద్వారానే వస్తుంది. ధమని తెచ్చేది మిగిలిన వంతు మాత్రమే.

కాలేయం మెత్తగా ఉన్నంతకాలం నిర్వాహక సిరలో పీడనం తక్కువగానే ఉంటుంది. తాగుడువల్లనో, హెపటైటిస్ బి, సి వైరస్‌లవల్లనో, ఊబకాయం, మధుమేహాలతో వచ్చే కొవ్వు జబ్బువల్లనో కాలేయం గట్టిపడి సిరోసిస్ ఏర్పడితే ఆ ప్రవాహానికి అడ్డు ఏర్పడుతుంది. ఈ సిరకు కూడా కవాటాలు లేనందున నెత్తురు వెనుదిరిగి, అధోమహాసిర వ్యవస్థతో తనకు సంబంధమున్న సన్నని నాళాల గుండా దారి వెతుక్కుంటుంది. అటువంటి కలయికల్లో ముఖ్యమైనవి అన్నకోశపు కింది కొనలో, బొడ్డు చుట్టూ, పురీషనాళం చివర ఉన్నాయి. బొడ్డు చుట్టూ సిరలు ఉబ్బి పైకి కనబడటం ఆ ఒత్తిడికి బయటి గుర్తు. అన్నకోశంలో ఉబ్బిన సిరలు పైకి కనబడవు. అవి పగిలిన రోజున రోగి గుక్కలు గుక్కలుగా నెత్తురు కక్కుకుంటాడు లేదా తారు రంగులో నల్లటి విరేచనం అవుతుంది. ప్లీహం పెరిగి ఎడమ పక్కటెముకల కింద చేతికి తగులుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2007లో సారాయిని నిషేధించినా, మద్యం మరో రూపంలో అందుతూనే ఉంది కనుక ఈ జబ్బు జిల్లా ఆసుపత్రులను వదిలిపోలేదు.

తాగుడు ఎరుగని పసివాళ్లలో కూడా ఇదే రకపు రక్తవాంతి కనిపించడం భారతదేశంలో వైద్యులకు అనుభవమే. ఆ పిల్లల్లో కాలేయం బాగానే ఉండి, కాలేయానికి చేరకముందే నిర్వాహక సిర గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. పుట్టిన కొత్తలో బొడ్డుకు సోకిన చీము బొడ్డు సిర వెంట లోపలికి పాకడం దీనికి ఒక కారణంగా చెబుతారు. బొడ్డు కోసిన చోట బూడిద, పేడ, నూనె వంటివి పూయకుండా పొడిగా, శుభ్రంగా ఉంచమని వైద్యులు పట్టుబట్టేది అందుకే.

శ్రోణిలో: కలిసి విడిపోయే నాళాలు

నాలుగవ నడుము వెన్నుపూస దగ్గర బృహద్ధమని నుంచి చీలిన రెండు పాయలను ఉమ్మడి ఇలియాక్ ధమనులు అంటారు. ఇవి కొంత దూరం పోయి మళ్లీ చెరి రెండుగా విడిపోతాయి. వెలుపలి ఇలియాక్ ధమని గజ్జ దాటి తొడధమనిగా మారి కాలికి పోతుంది. లోపలి ఇలియాక్ ధమని శ్రోణిలోకి దిగి మూత్రాశయం, గర్భాశయం, పురీషనాళం, పిరుదుల కండరాలకు నెత్తురు పంచుతుంది. గజ్జలో చర్మానికి దగ్గరగా కొట్టుకునే తొడధమనిలోకి సన్నని గొట్టం పంపి, వెలుపలి ఇలియాక్ మీదుగా బృహద్ధమనిలోకి ఎక్కించి, అక్కడి నుంచి ఏ శాఖలోకైనా చేరడం నేటి కేథటర్ చికిత్సలకు మూలసూత్రం. బీడీ, సిగరెట్ కాల్చేవారిలో ఈ ఇలియాక్ ధమనులు క్రమంగా పూడుకుపోతాయి. కొంత దూరం నడవగానే పిరుదులు, తొడలు, పిక్కలు పట్టేసి, నిలబడితే నొప్పి తగ్గడం దీని ఆనవాలు. దీనిని వయసు మీదపడ్డాక వచ్చే మోకాళ్ల నొప్పిగా పొరబడటం సాధారణం.

కుడి ఉమ్మడి ఇలియాక్ ధమని మధ్యరేఖను దాటేటప్పుడు ఎడమ ఉమ్మడి ఇలియాక్ సిరను వెన్నుపూసకు అదుముతూ పోతుంది. అందువల్ల ఎడమకాలి నుంచి వచ్చే నెత్తురు నెమ్మదించి, లోతు సిరల్లో గడ్డకట్టే జబ్బు కుడికాలి కంటే ఎడమకాలికి ఎక్కువగా వస్తుంది. గర్భిణులలో ఈ తేడా మరీ స్పష్టం. గర్భిణి ఎడమకాలు ఒక్కటే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే దాన్ని మామూలు నీరుగా తీసిపారేయడం ప్రమాదకరం. ఆ గడ్డ తెగి అధోమహాసిర గుండా గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కలుగుతుంది.

లోపలి ఇలియాక్ నుంచి పుట్టే గర్భాశయ ధమని మామూలు రోజుల్లో సన్ననిదే గాని, నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అరలీటరుకు పైగా నెత్తురు ప్రవహిస్తుంది. కాన్పు తరువాత మాయ విడిపోగానే గర్భాశయ కండరాలు బిగుసుకొని, తమ మధ్య నుంచి పోయే నాళాలను నొక్కి మూసివేయడంవల్లనే సాధారణంగా రక్తస్రావం ఆగుతుంది. కండరం బిగియకపోతే నిమిషాల్లో లీటర్ల కొద్దీ నెత్తురు పోతుంది. మందులు, మర్దన, బెలూన్ వంటివి ఫలించనప్పుడు శస్త్రవైద్యులు లోపలి ఇలియాక్ ధమనులనే రెండువైపులా ముడివేస్తారు. ఆ తరువాత కూడా గర్భాశయం బతికే ఉంటుంది. నడుము ధమనుల నుంచి, దిగువ మెసెంటెరిక్ శాఖల నుంచి పక్కదారుల ద్వారా తగినంత నెత్తురు అందుతుంది గాని ఒరవడి తగ్గిపోతుంది. ఆ స్త్రీలు తరువాత మళ్లీ గర్భం దాల్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

గర్భాశయ ధమని గర్భాశయాన్ని చేరే ముందు, గర్భాశయ ముఖద్వారానికి పక్కగా సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో, మూత్రపిండం నుంచి మూత్రాశయానికి పోయే మూత్రనాళానికి పైగా దాటుతుంది. గర్భసంచి తీసేటప్పుడు ధమనిని ముడివేయబోయి మూత్రనాళాన్ని కూడా కలిపి బిగించే ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గర్భసంచి తొలగింపు దేశంలోని మిగతా రాష్ట్రాల కంటే ఎక్కువగా జరుగుతోందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి గనుక, అవసరం నిజంగా ఉందో లేదో రెండవ వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం మేలు.

శ్రోణి ఎముకల వెనుక గోడ మీద సిరలు వలలాగా అల్లుకొని ఉంటాయి. బెంగళూరు నుంచి కోలార్, ముళబాగిలు మీదుగా పోయే 75వ నంబరు జాతీయ రహదారిపై జరిగే ప్రమాదాల్లో శ్రోణి ఎముకలు విరిగితే ఆ సిరలు చిట్లి, పైకి చుక్క నెత్తురు కనిపించకుండానే లోపల లీటర్ల కొద్దీ చేరుతుంది. అటువంటి మనిషిని అటూ ఇటూ దొర్లించకుండా, నడుము మీద కాక తుంటి ఎముకల గుబ్బలు చేతికి తగిలే ఎత్తులో ఒక దుప్పటిని చుట్టి బిగుతుగా కడితే, విరిగిన ఎముకలు దగ్గరపడి రక్తస్రావం నెమ్మదిస్తుంది.

ఈ పటం ఎలా తయారైంది

ఈ దారులన్నీ నేడు స్కానింగ్ తెర మీద కనిపిస్తున్నా, వాటిని కనిపెట్టడానికి శతాబ్దాలు పట్టింది. శవాన్ని నీటిలో నానబెట్టి పొరపొరగా పరిశీలించమని చెప్పిన సుశ్రుత సంహిత, శరీరంలో ఏడు వందల సిరలున్నాయని, వాటన్నింటికీ నాభి మూలమని పేర్కొంది. గర్భస్థ శిశువు విషయంలో పోషణ నాభి గుండానే అందుతుంది కనుక ఆ భావనకు పరిశీలన ఆధారం లేకపోలేదు. సిరలన్నీ కాలేయంలో పుడతాయన్న గేలెన్ అభిప్రాయాన్ని పాశ్చాత్యులు పదమూడు వందల ఏళ్లకు పైగా నమ్మారు. వెసేలియస్ 1543లో ప్రచురించిన శరీర నిర్మాణ గ్రంథం ఆ నమ్మకాన్ని కదిలించగా, 1628లో విలియం హార్వే నెత్తురు గుండె నుంచి వెళ్లి గుండెకే తిరిగివస్తుందని నిరూపించాడు. ఆధునిక భారతదేశంలో శవపరిచ్ఛేదం 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తాతో మొదలైంది.

కోలార్ జిల్లాలో ఈ విద్య 1986లో టమకలో ప్రారంభమైన శ్రీ దేవరాజ్ అరసు వైద్య కళాశాలతో స్థిరపడింది. అక్కడ తొలి ఏడాది విద్యార్థి పుస్తకంలోని బొమ్మకూ, ఎదుట ఉన్న మనిషి దేహానికీ ఎంత తేడా ఉండగలదో తెలుసుకునేది శవపరిచ్ఛేదనంలోనే. ఒక మూత్రపిండానికి ఒకే ధమని అని పుస్తకం చెప్పినా, దాదాపు నలుగురిలో ఒకరికి అదనపు ధమని కనిపిస్తుంది. కాలేయానికి పోయే ధమని కొందరిలో సీలియాక్ నుంచి కాక ఎగువ మెసెంటెరిక్ నుంచి పుడుతుంది. పిత్తాశయం తీసేటప్పుడో, మూత్రపిండం మార్చేటప్పుడో ఈ తేడాలు తెలియక కత్తిపెడితే నెత్తురు ముంచెత్తుతుంది. కర్ణాటకలో 1957 నాటి అనాటమీ చట్టం ప్రకారం ఎవరైనా మరణానంతరం తమ దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వవచ్చు. రాబోయే తరాల శస్త్రవైద్యులకు చేయి తిరిగేది ఆ దాతల ఔదార్యంతోనే.

ఈ పటం తెలిసినందువల్ల చికిత్సకు లొంగిన ఉదర బృహద్ధమని జబ్బుల్లో అత్యంత మోసకారి, మొదట చెప్పినట్టు ఏళ్ల తరబడి కంటపడకుండా పెరిగేది, దాని గోడ పలచబడి ఉబ్బిపోవడం. దీనిని అన్యూరిజం అంటారు. వ్యాసం మూడు సెంటీమీటర్లు దాటితే ఉబ్బుగా లెక్కిస్తారు. అయిదున్నర సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా చికిత్స సూచిస్తారు. శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌కు ఈ ఉబ్బు ఉందని 1948లో శస్త్రచికిత్సలో తేలింది. 1955 ఏప్రిల్‌లో అది పగిలినప్పుడు మళ్లీ శస్త్రచికిత్సకు ఆయన ఒప్పుకోలేదు, ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. ఉబ్బిన భాగాన్ని కోసి తీసి మరో నాళాన్ని అతికించే శస్త్రచికిత్సను పారిస్‌లో చార్లెస్ డ్యుబోస్ట్ 1951లో చేశాడు. కడుపు కోయకుండా గజ్జ నుంచే లోపల గొట్టం అమర్చే పద్ధతిని అర్జెంటీనా వైద్యుడు హువాన్ పరోడి 1990లో ప్రవేశపెట్టాడు. చికిత్స ఇంత సులువైనా, ఉబ్బు పగలక ముందు కనిపెడితేనే దాని ఫలితం దక్కుతుంది. పగిలాక ఆసుపత్రి చేరేలోపే చనిపోయేవారు ఎక్కువ.

కనుక అరవై అయిదేళ్లు దాటి, బీడీ గాని సిగరెట్టు గాని కాల్చిన అలవాటు ఉన్న పురుషులు ఒక్కసారైనా కడుపు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకొని బృహద్ధమని వ్యాసం ఎంతో అడిగి తెలుసుకోవాలి. కడుపులో గుండెలాగా కొట్టుకునే గడ్డ, నడుములోకి పొడుచుకుపోయే హఠాత్తు నొప్పితో కళ్లు తిరగడం, నెత్తురు వాంతి, నల్లటి విరేచనం, ఒక కాలు మాత్రమే వాయడం, కాన్పయ్యాక ఆగని రక్తస్రావం: వీటిలో ఏది కనిపించినా ఇంటివైద్యంతో కాలం గడపకుండా, రాత్రయినా పగలయినా ఆసుపత్రికి బయలుదేరాలి. గనిలో పనిచేసి వచ్చిన పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లేవారు, ఎన్నేళ్లు గనిలోకి దిగారో, ఏ పని చేశారో వైద్యుడు అడగకపోయినా ముందే చెప్పాలి.